సత్యవేణి రాసిన పాచికలాట

నేను ఒక ల్యాప్‌టాప్‌ని. ఏ దేశంలో నన్ను బిగించారో నా అడుగున అచ్చేసి ఉంది కానీ, నాకు జ్ఞాపకమున్న మొదటి చేతులు సామర్లకోటవి. స్టేషన్ రోడ్డులో టిఫిన్ హోటల్ నడిపే సూరిబాబు, ఇంజనీరింగులో చేరిన చెల్లెలు సత్యవేణి కోసం కాకినాడ వెళ్లి నన్ను కొన్నాడు. ముట్టుకునే ముందు భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఇంటికి తెచ్చి, కుంకుమ బొట్టు పెట్టి, అప్పుడు చెల్లెలి చేతికిచ్చాడు. తల్లీతండ్రీ లేని ఆ పిల్లకు అతనే పెద్దదిక్కు.

చదువైపోయి హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాక కూడా సత్యవేణి నా మీదే పనిచేసేది. అక్కడ ఆమెకు అప్పగించింది ఒక పాచికలాట. ఆన్‌లైన్‌లో పందెం కాసే ఆట. దాని నియమాలన్నీ బ్లాక్‌చైన్ మీద స్మార్ట్ కాంట్రాక్ట్‌గా రాయాలి. అంటే ఆ రాత ఒక్కచోట ఉండదు. లోకమంతా వేల కంప్యూటర్లలో ఒకేలా ఉంటుంది. ఒకసారి అందులో పడ్డాక రాసినవాళ్లు కూడా అక్షరం మార్చలేరు. గెలిస్తే ఆట గల్లాలోంచి డబ్బు దానంతటదే వెళ్తుంది, ఓడితే దానంతటదే వచ్చి పడుతుంది.

"ఆపే మీట ఏదీ పెట్టకమ్మా," అన్నాడు యజమాని. "ఎవరూ ఆపలేరంటేనే జనం నమ్ముతారు."

ఆ మాట సత్యవేణికి నచ్చింది. దొంగ పాచిక లేని ఆట రాస్తున్నానని పొంగిపోయింది. గల్లా వైపు కాస్త మొగ్గు ఉంటుంది. ఆ మొగ్గు ఎంతో కూడా దాచకుండా రాసింది. మనుషులకు నిజాయితీ అనే మాట మీద ఎంత ప్రేమంటే, దేనిలో నిజాయితీ అని అడగడం మరిచిపోతారు.

తర్వాత కంపెనీ ఆమెకు కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చింది. హోటల్ ఆర్డర్లు చూసుకోవడానికి నేను మళ్లీ సామర్లకోట చేరాను. నన్ను అప్పగిస్తూ ఆమె అన్నకు ఆ ఆట చూపించింది.

"ఇందులో ఎవరూ మోసం చెయ్యలేరన్నయ్యా. నేను కూడా చెయ్యలేను."

సూరిబాబు ఆమె తల నిమిరాడు. సెల్‌ఫోన్లో పేకాడి చెడిపోయిన వాళ్లను నోరారా తిట్టే మనిషి అతను. అలాంటివాడు టిఫినుకొచ్చిన వాళ్లందరికీ నన్ను తిప్పి చూపించేవాడు. "అయ్యన్నీ దొంగాటలండి. ఇది మా చెల్లి రాసింది."

మొదట చెల్లెలి పనితనం చూద్దామని ఆడాడు. గెలిచాడు. ఆ పూట హోటల్లో ఉన్న అందరికీ పెసరట్లు ఊరికే వేయించాడు. తర్వాత ఓడాడు. ఓడినకొద్దీ అతని నమ్మకం పెరిగింది. మోసం లేని ఆటలో తన వంతు రాక ఎక్కడికి పోతుందనుకున్నాడు. ముందు ఫ్రిజ్ పోయింది, ఆ వెనక గ్రైండర్. భార్య నూకరత్నం పిండి చేత్తో రుబ్బడం మొదలుపెట్టింది.

"ఏవండీ, ఇంక చాలండీ," అని బతిమాలితే, "వచ్చేత్తాదే. అందులో మోసం లేదు," అనేవాడు నా వైపు నుంచి కళ్లు తిప్పకుండా.

ఒక ఉదయం హోటల్లో పొయ్యి వెలగలేదు. గ్యాస్ బండలు కూడా అమ్మేశాడు. అలవాటుగా వచ్చినవాళ్లు గుమ్మంలోంచి తొంగిచూసి వెళ్లిపోయారు. నూకరత్నం ఆడపడుచుకు ఫోన్ చేసింది.

సత్యవేణి దొరికిన రైలెక్కి వచ్చింది. ఖాళీ వంటగదిలో వదిన ఆమె చెయ్యి పట్టుకుంది.

"దాన్ని ఆపెయ్యమ్మా. నీకు పుణ్యముంటాది."

"ఆపలేను వదినా."

"నువ్వు రాసిందే కదా?"

సత్యవేణి చెయ్యి విడిపించుకుంది. బయటికెళ్లి యజమానికి ఫోన్ చేసి ఏడ్చింది. అతను కోప్పడలేదు. "నువ్వు చాలా బాగా రాశావమ్మా. నా చేతుల్లో కూడా లేదిప్పుడు," అన్నాడు.

అన్నను బతిమాలింది. తిట్టింది. ఆ మొగ్గు ఏమిటో, ఎంతసేపు ఆడితే అంత పోవడం ఎందుకు ఖాయమో కాగితం మీద గీసి చూపించింది. సూరిబాబు తలూపుతూ విన్నాడు. విన్నాక, "ఇంకొక్కసారి చూత్తానమ్మా," అన్నాడు.

అప్పుడామెకు తను రాసిన ఒక నియమం గుర్తొచ్చింది. గెలిచినవాడికి ఇవ్వడానికి గల్లాలో సరిపడా లేకపోతే ఆట పందెం తీసుకోదు. దాన్ని ఆపడానికి మిగిలింది అదొక్కటే దారి. గెలిచి గెలిచి గల్లా ఖాళీ చెయ్యాలి.

అన్న బజారుకెళ్లిన సమయంలో తను దాచుకున్నదంతా తెచ్చి నా ముందు కూర్చుంది. మొదట గెలిచింది. గల్లా తరిగింది. తలుపు దగ్గర నిలబడ్డ నూకరత్నం కళ్లు మెరిశాయి. ఆ తర్వాత ఓడింది. పందెం పెంచింది. మళ్లీ ఓడింది. ఈ ఆటలో మొగ్గు ఎటో ఈ భూమ్మీద అందరికన్నా బాగా తెలిసిన మనిషి, పెదవి కొరుక్కుంటూ, ఈసారి పడుతుంది, ఈసారి పడుతుంది అని గొణుక్కుంటోంది. ఆ వేళ్లు నాకు తెలిసిన వేళ్లే. అంత బరువుగా అవెప్పుడూ నా మీద పడలేదు.

సూరిబాబు సంచీతో గుమ్మంలో ఆగిపోయాడు.

"నువ్వు కూడానా అమ్మా?"

"నేను ఆడట్లేదన్నయ్యా!" ఆమె తెర వదలకుండానే అరిచింది. "దాన్ని ఖాళీ చేసేద్దామని..."

సూరిబాబు సంచీ కింద పెట్టాడు.

"నేనూ ఆడట్లేదనే అనుకున్నానమ్మా."

సత్యవేణి చెయ్యి ఇంకా మీట మీదే ఉంది. అతను వచ్చి నా మూత మెల్లగా వంచాడు. ఆమె వేళ్లు తియ్యలేదు. వేళ్ల మీద మూత ఆనించి, అలాగే పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపటికి ఆమె చేతులు వెనక్కి తీసుకుని మొహం కప్పుకుంది.

హోటల్ ఖాళీ చేసిన రోజు అన్నాచెల్లెళ్లు దాని ముందు గట్టు మీద కూర్చున్నారు. పక్కనే బోర్లించిన పెనాల మీద నేనున్నాను. సూరిబాబు రాజమండ్రిలో ఎవరిదో హోటల్లో అట్లు వెయ్యడానికి కుదిరాడు. సత్యవేణి ఉద్యోగం మానేసింది. ఆ ఆట మాత్రం నడుస్తూనే ఉంది.

"ఇప్పుడు కూడా ఆడాలనిపిస్తోందా అన్నయ్యా?"

"అనిపిత్తంది," అన్నాడు సూరిబాబు, దాచకుండా.

ఆమె రోడ్డు వైపు చూస్తూ, "నాక్కూడా," అంది.

పాత సామాన్లవాడు బండి ఆపాడు. పెనాలు తూచాడు, బెంచీల ఇనపకాళ్లు తూచాడు. చివరికి నన్ను తీసి తిప్పి చూశాడు.

"పని చేత్తాదా అండీ ఇది?"

"చేత్తాదండి," అన్నాడు సూరిబాబు. "అందుకే ఇచ్చేత్తన్నాం."