బాన ముందు మాట్లాడరాదు

మునెయ్య నీలిమందు పులిసే బాన మూత తీసి, మొదట వాసన చూశాడు. తర్వాత చిటికెనవేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. పులుపు విరిగింది. కొన్నాళ్ళుగా మూతి ముడుచుకున్న బాన ఇవాళ్టికి దారికొచ్చింది. అమ్మయ్య అని గోడకు చేరగిలబడి, ఎడమ రొమ్ము రుద్దుకున్నాడు. మోచేతుల దాకా నీలం. పెళ్ళిలో ఎంత పసుపు రాసినా ఆ చేతులకు అంటలేదని నగరి ఊళ్ళో ఇప్పటికీ నవ్వుకుంటారు.

"బాన పులవడానికి ఉడకేసిన తగిరిస గింజలు ఇంకో గంటెడు పొయ్యనా?" అంది భార్య గంగులమ్మ.

"వద్దు మే. కడుపు నిండినాక పెడితే కక్కుతాది."

ఊరందరి చీరలకూ రంగేసిన మనిషి, పెళ్ళానికి మాత్రం ఒక్కటీ వెయ్యలేదు. జర్మనీ రంగు పొట్లాలొచ్చి బాన ఎండిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం పుణ్యమా అని పొట్లాలు ఆగిపోయి బాన లేచింది గానీ, ఈలోగా మునెయ్య గుండె నీరసించింది. "బాన నిలిచినరోజు తొలిచీర నీదే" అన్నాడు. గంగులమ్మ నేసుకున్న తెల్లచీర తడిపి సిద్ధంగా ఉంది. ఆమె నమ్మలేదు, నమ్మకుండా ఉండనూ లేదు.

గోడ మీద నిన్నటి బొగ్గు గీతలున్నాయి. అవి పక్కింటి జయరావు రాసినవి. ఆయన బళ్ళో రసాయనశాస్త్రం చెప్పే అయివారు. నల్లబల్ల మీద ఎన్నోసార్లు రాసినది ఈ బానలోనే జరుగుతుందని తెలిసి, నిన్న పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"సగం సగంగా రాసుకోవాల మామా. పై వరుస నీలిది, కింది వరుస గాలిది. బానలో నీలి రెండు ఎలక్ట్రాన్లు పుచ్చుకుని కరిగి గుడ్డలోకి దూరతాది. బయటికొచ్చినాక ఆ రెండూ గాలికిచ్చేసి నీలమైపోతాది. అయితే ప్రాణవాయువు నాలుగు అడుగుతాది!"

"ఉండేవి రెండే గదా అయివారూ, మరెట్లా?"

"పై వరుసను రెండింతలు చేస్తాం. రెండు నీలి అణువులు కలిసి నాలుగిస్తాయి. ఒకటి మిగల్దు, ఒకటి తగ్గదు."

మునెయ్య తన నీలి చేతులు తిప్పి చూసుకున్నాడు. ఇన్నేళ్ళూ తన చేతుల్లో ఇంత ఇచ్చిపుచ్చుకోలు జరిగిందా!

"ఒంటిగా ఇస్తే గాలి నోరు నిండదు, సూడు" అన్నాడు గంగులమ్మతో.

"అడగడమే తెలిసిన గాలి. అచ్చం నీ మాదిరే" అంది ఆమె.

ఇవాళ మునెయ్య చీర కొస పట్టుకుని బానలో ముంచాడు. తీసి దండెం మీద ఆరేసి, బొగ్గు గీతల కింద కూర్చున్నాడు. ఇక ఎవరూ మాట్లాడరాదు. పచ్చిగుడ్డ మీద మాట పడితే మచ్చ కడుతుందని రంగు వేసేవాళ్ళ పట్టింపు. నీలం పూర్తిగా తేలాక, ముంచినవాడే "వచ్చింది" అనాలి. అప్పుడే మిగతావాళ్ళు నోరు విప్పాలి.

బానలోంచి పసుపుపచ్చగా వచ్చిన చీర చూస్తుండగానే ఆకుపచ్చయింది. అంచుల నుంచి నీలం పాకింది. ఎన్నిసార్లు చూసినా గంగులమ్మకు కళ్ళు చాలవు. పైగా ఈసారి చీర తనది! గాలి కనబడకుండా వచ్చి తన వాటా తీసుకుపోతోంది. చీర నెమలి మెడంత నీలమైంది.

మునెయ్య ఇంకా అనలేదు. ఆటపట్టిస్తున్నాడు, ముసలాయన చేష్టలు మానడు అనుకుని, నవ్వు ఆపుకుంటూ చూపు తిప్పకుండా నిలబడింది. చీర ఆరి, గాలికి ఫటఫటలాడింది.

"వచ్చిందయ్యో! సెప్పవేం?" అని తిరిగింది.

మునెయ్య తల గోడకు ఆన్చి ఉంది. తెరిచిన కళ్ళు చీర మీదే ఉన్నాయి. గంగులమ్మ కేకకు జయరావు పరుగెత్తుకొచ్చాడు. మునెయ్య ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, ఊపిరి తగలక చేయి దించుకున్నాడు.

దండెం మీద చీర అంతా నీలమే. కొసన మాత్రం, మునెయ్య పట్టుకుని ముంచినచోట, బొటనవేలంత తెలుపు మిగిలింది.