తలుపు వెనుక నలభై మూడు రోజులు

ఆదోని బయట మూతపడిన పత్తి మిల్లు గోదాములో కిటికీల్లేని నాలుగు గదులు కట్టి, నలుగురిని నూరు రోజుల కోసం లోపలికి పంపారు. అంగారకుడి దాకా పోయే ప్రయాణంలో మనుషులు ఒకరితో ఒకరు ఎలా నెట్టుకొస్తారో తెలుసుకోవడానికి. బయట కూర్చుని వాళ్లను గమనించే మనస్తత్వ నిపుణురాలు వైదేహి.

ఆ నలుగురిలో శామ్యూల్ ఎమ్మిగనూరులో మరమగ్గాలకు కరెంటు పని చేసేవాడు. లోపలికి వెళ్లేముందు అందరినీ ఒక మాట అడిగారు: ఇంట్లో చెడు జరిగితే మీకు చెప్పాలా, వద్దా? ‘వద్దు’ అని రాసి సంతకం చేశాడు శామ్యూల్.

యాభై ఏడో రోజు పొద్దున అతని చెల్లెలు సంతోషి గేటు దగ్గరికి వచ్చింది.

“మా యమ్మ పోయింది మేడం. పత్తి సేన్లోనే కూలబడింది. సాయంత్రం మట్టి సేస్తారు. అన్నను పంపీండి.”

వైదేహి కాగితం చూపింది. “చెప్పొద్దని ఆయనే రాశాడమ్మా.”

“అది రాసినప్పుడు మా యమ్మ బాగనే ఉండె కదా!”

వైదేహి గోదాము తలుపు వైపు చూసింది. తలుపు తెరిస్తే గంటలో ఎమ్మిగనూరు. అయినా తెరవలేదు. నియమం ప్రకారం, లోపలున్న నలుగురికీ పెద్దయిన దేవకికి మాత్రం సందేశం పంపింది. దేవకి నుంచి ఒక్క ముక్క వచ్చింది: ‘నేను చూసుకుంటాను.’

చూసుకుంది. శామ్యూల్ వంతు పనులు తను చేసింది. తన ఊరగాయ అతని కంచంలో వేసింది. అతను అమ్మ కబుర్లు చెబుతుంటే చివరిదాకా విన్నది. బృందంలో ఎవరిని ఎక్కువ నమ్ముతావని వారం వారం అడిగే ప్రశ్నకు శామ్యూల్ ప్రతిసారీ దేవకి పేరే రాశాడు. ఆ నలుగురి మధ్య సఖ్యత పెరిగిందని లెక్కలు చూపుతుంటే వైదేహికి సంతోషం కలిగింది. మరుక్షణం సిగ్గేసింది.

నూరో రోజు తలుపు తెరిచారు. సంతోషి ఒక్కతే నిలబడి ఉంది.

“అమ్మ యాడ?” అన్నాడు శామ్యూల్.

ఆమె చెప్పింది, ఏ రోజో కూడా. అతను ఏడవలేదు. సరిగ్గా ఆ రోజు నుంచే తన వంతు పనులు చేస్తూ వచ్చిన దేవకి వైపు తిరిగాడు.

“నీకు తెలుసా అక్కా?”

దేవకి తల దించుకుంది.

“నలభై మూడు దినాలు నా పక్కన కూసోని తిన్నావు. మా యమ్మ సేసే జొన్నరొట్టె గురించి సెప్తాంటే నవ్వినావు.”

చెల్లెలితో కలిసి ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

తన గురించి రాసినదంతా తీసేయమని మూడో రోజు ఫోన్ చేశాడు. అది అతని హక్కు. వైదేహి తన చేత్తోనే చెరిపేసింది. నలుగురిలో ఒకరు లేకపోతే మిగిలిన ముగ్గురి లెక్కలకు అర్థం లేదు. పరిశోధన అక్కడితో ఆగిపోయింది.

నెల తర్వాత దేవకి ఎమ్మిగనూరు వెళ్లింది. శామ్యూల్ కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు.

“సంతకం పెట్టింది నేనే. నీ తప్పు లేదక్కా,” అన్నాడు. “కానీ నువ్వు అంత బాగా సూసుకున్నావే, అదే తట్టుకోలేకుండాను. ఇంగ ఎవరైనా ప్రేమగా అన్నం పెడితే, ఏం దాస్తాండారో అని భయమైతాది.”

దేవకి నీళ్లు తాగి లేచింది. అతను వీధి మలుపు దాకా కూడా వచ్చాడు గానీ, మళ్లీ రమ్మనలేదు.