మూడో రోజున వచ్చే జవాబు

సుకుమార్‌లో ఒక గొప్ప గుణం ఉంది: ఎదుటివాళ్లకి ఆలోచించే శ్రమ పెట్టడు. తాడేపల్లిగూడెం నుంచి పొద్దున్నే స్కూటర్ మీద బయల్దేరి, ట్యాబ్ పట్టుకుని ఊరూరా సర్వే చేసే అతను, ప్రశ్న సగంలో ఉండగానే మనిషి ముఖం చూసి జవాబు నొక్కేయగలడు. ఆఫీసులో అతన్ని మించినవాడు లేడు. ఆ మాట ఎక్కువసార్లు అన్నది అతనే.

ఆ రోజు కొల్లేటి గట్టు మీది ఊళ్లో ప్రశ్న ఒక్కటే. జనాన్ని అవతలొడ్డుకి దాటించే బల్లకట్టు ఉంచాలా, తీసేయాలా? బైకులున్నవాళ్లు చుట్టూ తిరిగే రోడ్డు చాలన్నారు. లేనివాళ్లు ఉంచమన్నారు. చివరి ఇల్లు కనకరత్నం గారిది. ఆవిడ చేపలు తోముతూ ప్రశ్నంతా విని, కళ్లు మూసుకున్నారు.

"చెప్పండి మామ్మగారూ, ఉంచాలా, తీసేయాలా?"

పక్కింటి వీరదుర్గ గోడ మీంచి అంది: "ఆవిడ జవాబు మూడో రోజున గూడబాతు పట్టుకొస్తుందండీ. పెళ్లిచూపులకొచ్చినవాళ్లే ఆగారు."

"పెళ్లివారికి టార్గెట్ ఉండదు కదండీ!"

'చెప్పలేను' అని నొక్కితే సూపర్‌వైజర్ ఫోన్ చేసి తిడతాడు. ఐదులోపు రిపోర్టు పంపాలి. ఈ వయసులో ఈవిడ బల్లకట్టెక్కి ఎక్కడికెళ్తుందిలే అనుకుని, 'తీసేయాలి' నొక్కేశాడు. తీసేయమన్నవాళ్లు ముప్పయ్యొక్క మంది, ఉంచమన్నవాళ్లు ముప్పై. మర్నాడే బల్లకట్టుని ఒడ్డుకి లాగి గొలుసేశారు.

మూడో రోజున తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ దగ్గర అతను టీ తాగుతుంటే, గూడబాతు వచ్చి స్కూటర్ సీటు మీద వాలింది. టీ కొట్టు సుబ్బయ్య "మీకేనేమోనండీ" అని, తన గ్లాసులు తాను కడుక్కున్నాడు. పక్షి నోరు తెరిచింది. ముక్కు కింది సంచిలోంచి కనకరత్నం గారి గొంతు, కాస్త చేపల వాసనతో వచ్చింది.

"ఉంచండి బాబూ. మా మనవరాలు ఐశ్వర్య అవతలొడ్డున బస్సెక్కి ఏలూరు కాలేజీకెళ్తుంది. బల్లకట్టు లేకపోతే దాని చదువాగిపోద్ది."

టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. సూపర్‌వైజర్ రాజేష్‌కి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు.

"రిపోర్టు ఎప్పుడో వెళ్లిపోయిందయ్యా. ఆ గూడబాతేదో మొన్నే వస్తే బాగుండేది."

"అది టైముకే వచ్చిందండీ. నేనే ముందెళ్లిపోయాను."

ఇప్పుడు సుకుమార్ సర్వేలు మానేశాడు. ఆ ఊళ్లోనే ఉంటూ, పొద్దున్నే ఐశ్వర్యని దోనెలో అవతలొడ్డుకి దాటిస్తాడు. రెండుసార్లు నీళ్లలో పడ్డాక గెడ వేయడం వచ్చింది. సాయంత్రం పిల్లని ఇంటి దగ్గర దింపుతూ కనకరత్నం గారిని అడుగుతాడు.

"నన్ను క్షమించారా మామ్మగారూ?"

ఆవిడ కళ్లు మూసుకుంటారు. మర్నాడు ఉండబట్టలేక మళ్లీ అడుగుతాడు.

"మీరు అడిగినప్పుడల్లా ఆ మూడు రోజులూ మళ్లీ మొదటికొస్తాయండీ," అంది ఐశ్వర్య, దోనె దిగుతూ. "ఒక్క రెండు రోజులు ఊరుకోలేరా?"

ఊరుకోవాలనే ఉంది. దోనె నడపడం వచ్చింది, ఆకాశంలో గూడబాతుని గుర్తుపట్టడం వచ్చింది. అడిగి ఆగడం మాత్రం ఇంకా రాలేదు. ఈ సాయంత్రం కూడా అడిగేశాడు.