గడప లోపలి డాక్టరు

ఆ రోజు జగదీష్ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. ఇస్త్రీ కండువాతో ఇంటి యజమాని జగదీష్. పెళ్ళికి పోతున్నట్టు పట్టుచీర కట్టిన ఆయన భార్య రాజేశ్వరి. బెంగుళూరు ట్రస్టు నుంచి వచ్చిన వసుధ మేడమ్, ఆమె వెంట ఒక ఫోటోగ్రాఫరు. గోడకు బిగించిన తెరలో, మదనపల్లెలో కూర్చుని మాట్లాడే డాక్టర్ మురళి. ప్లాస్టిక్ కుర్చీలో చెంగమ్మవ్వ. ఆ కుర్చీ పక్కన, నేల మీద, ఆమె మనవరాలు తేజస్విని. చివరి ఇద్దరూ ఆ గడప దాటడం అదే మొదటిసారి.

ఆ ఊరు పుంగనూరుకూ పలమనేరుకూ నడుమ, రోడ్డు వదిలి లోపలికి పోతే వస్తుంది. పెద్ద వైద్యం కావాలంటే ఒక పక్క మదనపల్లె, దానికి పూర్తిగా ఎదురు పక్క కుప్పం. రెండూ దూరమే. ఆ దూరాన్ని తుడిచేస్తామని ట్రస్టువాళ్ళు వచ్చారు. ఇన్వర్టరూ, ఇంటర్నెట్టూ, టైల్స్ నేలా ఉన్న ఇల్లు ఇదొక్కటే కనపడిందని జగదీష్ నట్టింట్లో తెర బిగించారు. వాకిట్లో ‘గడప దగ్గరికే డాక్టరు’ అని నీలం బోర్డు కొట్టి వెళ్ళిపోయారు. ఆ గడప ఎవరిది, దాన్ని ఎవరు దాటొచ్చు అని మాత్రం ఎవరినీ అడగలేదు. అంత చదువుకున్నవాళ్ళకు అంత చిన్న సంగతులు తట్టవు.

తేజస్వినివాళ్ళది ఊరికి అవతల ఉన్న దళితుల కాలనీ. కాలనీవాళ్ళు ఆ ఇంటి అరుగు దాకానే వస్తారు. రావద్దని ఎవరూ అనరు. అనాల్సిన అవసరం తాతల నాడే తీరిపోయింది. కాబట్టి వైద్యం ఇలా జరిగేది. రోగి అరుగు మీద కూర్చుంటాడు. రాజేశ్వరి గడప లోపల నిలబడి బాధ వింటుంది, తెర దగ్గరికి పోయి తనకు తోచింది చెబుతుంది, డాక్టరు చెప్పినదాంట్లో తనకు గుర్తున్నది తెచ్చి ఇక్కడ చెబుతుంది. ఆ నాలుగు అడుగుల నడకలో నెలల తరబడి ఉన్న దగ్గు జలుబైపోయేది, కడుపులో గడ్డ గ్యాసైపోయేది. డాక్టరు నంబరు కాలనీలో ఎవరి దగ్గరా లేదు. ఆయన ఉండేది ఆ తెరలోనే, ఆ తెర ఉండేది ఆ ఇంట్లోనే.

చెంగమ్మకు షుగరు. టమోటా తోటలో పాతిన కట్టె గుచ్చుకుని కుడికాలి బొటనవేలు పుండు పడింది. పుండు మానలేదు, వేలు నల్లబడింది, వాసన మొదలైంది. అవ్వను నడిపించుకుని తేజస్విని రెండుసార్లు ఆ అరుగు మీదికి వచ్చింది. ‘చెప్పు కరిచిందంట సార్’ అని రాజేశ్వరి తెరకు చెప్పింది. పూత మందు వచ్చింది. రెండోసారి డాక్టరు ‘ఒక ఫోటో తీసి పంపమ్మా’ అనడం తేజస్విని అరుగు మీద నుంచే విన్నది.

“ఆ కాలిని నా ఫోన్లో పెట్టుకోవాల్నా, కూడు తినే పొద్దున,” అని రాజేశ్వరి తనలో తాను గొణుక్కుని, తెర వైపు తిరిగి, “ముసిలామె ఎళ్ళిపోయింది సార్,” అంది.

ముసలామె అరుగు మీదే ఉంది.

ఆ రోజు నుంచి తేజస్వినికి ఒకటే ధ్యాస. డాక్టరు ఒక్కసారి ఆ కాలును తన కళ్ళతో చూడాలి.

అవకాశం దానంతటదే వచ్చింది. ట్రస్టు మేడమ్ వస్తోందని జగదీష్ కాలనీలోకి అడుగుపెట్టాడు. ఓట్లప్పుడు తప్ప ఆయన అటు రాడు.

“చెంగమ్మా, మా ఇంటికి రా. లోపల కుర్చీలో కూచుందువు.”

“లోపలికా?” అవ్వ బిత్తరపోయింది. “నేనేం తప్పు జేసినానప్పా?”

“తప్పేమీ లేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పు, సాలు. ఆ ఏలి సంగతి ఇయ్యాల ఎత్తొద్దు. ఫోటోలు తీస్తారు, బాగుండదు.”

రాజేశ్వరి ఒక పాత తువ్వాలు విసిరేసి అవ్వ కాలికి చుట్టమంది. నాలుగు మూలలా అగరొత్తులు వెలిగించింది. “ఏమ్మే, నువ్వాడ కింద కూచో. నోరు తెరవబాక,” అని తేజస్వినికి చెప్పింది. చెప్పనక్కర్లేదు. బళ్ళో హాజరు పలకడానికే గొంతు రాని పిల్ల అది.

వసుధ మేడమ్ ఇల్లంతా కలయజూసి మురిసిపోయింది. “ఎంత బాగుందండీ. పాపం వీళ్ళు ఇదివరకు ఎంత దూరాలు పోయేవాళ్ళో.”

“మా ఇల్లు అందరిదీ మేడమ్,” అంది రాజేశ్వరి. “ఎవరైనా, ఎప్పుడైనా రావచ్చు. తలుపు వేసేదే లేదు.”

తేజస్విని ఆ తలుపును చూసింది. టేకు తలుపు, ఇత్తడి గడియ. బాగా తుడిచారు.

“అవ్వా, కొంచెం నవ్వండి,” అన్నాడు ఫోటోగ్రాఫరు.

“పండ్లు లేవు నాయనా.”

“లేకుంటేనే ఇంకా బాగా వస్తుంది.”

తెరలో డాక్టరు కళ్ళజోడు సరిచేసుకున్నాడు. “చెప్పవ్వా, ఏం ఇబ్బంది?”

అవ్వ జగదీష్ మొహం చూసింది. “మోకాళ్ళు సామీ,” అంది.

అగరొత్తులు వాసనను ఆపలేకపోయాయి. మేడమ్ చేతిరుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని, మర్యాదగా చిరునవ్వు నవ్వుతూనే ఉంది. పల్లెటూరన్నాక ఏదో ఒక వాసన ఉంటుందని ఆమె ముందే తయారై వచ్చినట్టుంది. డాక్టరు మోకాళ్ళకు మాత్రలు చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకాసేపట్లో ఆ తెర ఆరిపోతుంది.

గొంతు రాని తేజస్వినికి చేతులొచ్చాయి. తువ్వాలు లాగేసి, అవ్వ కాలు తన ఒళ్ళోకి ఎత్తుకుని, వేలిని తెర వైపు తిప్పింది.

డాక్టరు మాట ఆగింది. ఆయన మొహం తెర నిండా పెద్దదయింది. “దగ్గరికి తే పాపా. ఇంకా. ఇది ఎప్పటినుంచి?”

“టమోటా కోతలప్పటినుంచి సార్.”

“చెప్పు కరిచిందని నాకు చెప్పినారే.”

తేజస్విని రాజేశ్వరి వైపు చూడలేదు. అంత విలువ ఇవ్వబుద్ధి కాలేదు.

“ఏలు ఎట్లా దక్కదు,” అన్నాడు డాక్టరు. “కాలు దక్కాలంటే సర్జను ఇయ్యాలే చూడాల. మా ట్రస్టుకు ఉండేది ఒక్కడే. కొన్నాళ్ళు మదనపల్లె, కొన్నాళ్ళు కుప్పం. ఇయ్యాల యాడుండాడో కనుక్కుని మళ్ళీ చేస్తా. తెలీకుండా బయల్దేరొద్దు పాపా. ఒక పక్క పోయి ఇంకో పక్కకు తిరిగొచ్చేసరికి పొద్దుగూకుతుంది. ఈడనే ఉండు.” తెర నల్లబడింది.

మేడమ్ చప్పట్లు కొట్టింది. నిజంగానే కొట్టింది. “చూశారా? మేము కోరుకున్నది ఇదే. ఈ తెర లేకపోతే ఈమె సంగతి ఎవరికి తెలిసేది?”

ఫోటోగ్రాఫరు పుండును దగ్గర నుంచి తీశాడు. తర్వాత జగదీష్‌ను అవ్వ పక్కన నిలబెట్టి, భుజం మీద చెయ్యి వేయమన్నాడు. జగదీష్ వేశాడు. ఫోటో అయ్యాక ఆ చేతిని కండువాకు తుడుచుకున్నాడు.

“మేడమ్,” అంది తేజస్విని. “మీ కారు...”

“అయ్యో, మేము ఇంకో ఊళ్ళో ఇలాంటిదే మొదలుపెట్టాలమ్మా. అక్కడ అందరూ కాచుకుని ఉంటారు. జగదీష్ గారు చూసుకుంటారులే.” మేడమ్ ఆమె తల నిమిరి కారెక్కింది. చూసుకోవాల్సిన జగదీష్, దారి చూపిస్తానని బండేసుకుని కారు ముందు పోయాడు.

దుమ్ము అణగకముందే రాజేశ్వరి కొంగు దోపింది. “లెయ్యండి, లెయ్యండి. అయిపోయింది గదా.”

“డాక్టరు ఈడనే ఉండమన్నాడమ్మా.”

“అరుగు మీద ఉండు. ఆయన చెప్తే నేను చెప్తా.”

ఆమె ఎలా చెబుతుందో తేజస్వినికి తెలుసు. అవ్వను బయటికి నడిపించుకొచ్చింది. వీధి మలుపులో హిదాయతుల్లా టమోటా ట్రేలు దించేసి ఖాళీ ఆటోతో వస్తున్నాడు. అవ్వ కాలు చూసి ఏమీ అడగకుండానే వెనక సీటు మీద గోనె పరిచాడు.

“ఏ పక్క తిప్పాల బేటీ? మదనపల్లెనా, కుప్పమా?”

“ఒక్క నిమిషం బాయ్. ఇప్పుడే చెప్తాడు.”

లోపల తెర మోగి, దానంతటదే వెలిగింది. తెరిచి ఉన్న తలుపులోంచి డాక్టరు మొహం కనిపించింది. “పాపా, కనుక్కున్నా. ఆ కాలు చూపించిన పాప, ఉండావా?”

తేజస్విని పరుగున వచ్చి గడప మీద కాలు పెట్టింది.

“ఆగు ఆడనే.” ఫినాయిలు నీళ్ళు కారుతున్న గుడ్డతో రాజేశ్వరి అడ్డం వచ్చింది. “ఇప్పుడే కడిగినా. తడారలేదు.”

“ఊరి పేరొకటి ఇనేసి పోతానమ్మా.”

“ఇందాక లోపలికి రమ్మనింది ఫోటోకి. రోజూ అనుకుంటివా?”

“పాపా, ఇనపడతాందా?” డాక్టరు గొంతు పెంచాడు. వీధిలో హిదాయతుల్లా హారను కొట్టాడు. “సర్జను ఇయ్యాల...”

రాజేశ్వరి తలుపు వేసింది.