కాళ్ల కింది పీట

హెప్సిబా కమోడ్ ముందు పీట వేసి, రోజా అరిపాదాలు రెండూ దాని మీద ఆనించింది. కాళ్లు గాల్లో ఊగుతుంటే ముక్కడానికి పట్టెక్కడిది? ఇంత చిన్న సంగతి కమోడ్లు చేసినవాళ్లకు తట్టలేదు గానీ, బోధన్‌లోని ఈ పిల్లల దవాఖానలో ఆయా హెప్సిబాకు తట్టింది. చెరకు బండి పలక విరిగితే పెనిమిటి ఎర్రయ్య చేసిచ్చిన పీట అది. ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఇవాళ కొలువులో ఆఖరి రోజు కాబట్టి దాన్ని ఇంటికి పట్టుకుపోదామని సంచి కూడా తెచ్చుకుంది.

ఇరవై ఏడేళ్లుగా ఆమె పని పిల్లల్ని కూర్చోబెట్టడం, కడగడం, గుడ్డలు ఉతకడం. వాసన అని ఎవరైనా మొహం చిట్లిస్తే, "మీరు మల్లెపూలు పోతున్నరా?" అని నవ్వేది.

ఐదేళ్ల రోజాకు పొట్ట డప్పులా ఉబ్బింది, చేతులు పుల్లల్లా ఉన్నాయి. దొడ్డికి పోయి వారమైంది. డాక్టర్ రాజేశ్వర్ మూడేళ్లుగా మందు సీసాలు మారుస్తున్నాడు. భయంతో ఆపుకునే అలవాటు, మెల్లగా పోతుందన్నాడు. చాలామంది పిల్లల్లో అది నిజమే. మోస్రా నుంచి పిల్లను తెచ్చిన నాయనమ్మ రాధాబాయి తలుపు దగ్గరే నిలబడి కసిరింది.

"మొండి ఘటం! కావాల్నని ఆపుకుంటది. రెండు తగిలిస్తె గని పోదు."

హెప్సిబా పిల్ల పాదాల వంకే చూస్తోంది. ఆపుకునే పిల్లలు మునివేళ్ల మీద లేస్తారు, కాళ్లు మెలివేస్తారు. ఈ పిల్ల మడమలతో పీటను తొక్కిపెట్టి, మెడ నరాలు పొంగేలా ముక్కుతోంది. అయినా రావడం లేదు. మూడేళ్లుగా తను కళ్లెక్కడ పెట్టుకుంది?

రాధాబాయిని వరండాలోకి తీసుకెళ్లింది.

"అక్కా, నిజం చెప్పు. పుట్టినంక మొదటిసారి నల్లగ ఎన్నో దినం పోయింది?"

"మొదటి దినమే. డాక్టర్ సాబుకు చెప్పిన గద."

"ఆయినకు చెప్పింది ఇన్న. నాకు చెప్పు."

రాధాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మూడో దినం చెల్లె. గది గుడ తమలపాకు కాడ ఆముదంల ముంచి పెడితె పోయింది. నర్సమ్మ అడిగితె, పోయిందని ముందుగాలనే చెప్పేసిన. లేకుంటె పసిగుడ్డును నిజామాబాద్ తోల్కపోయి అద్దాలపెట్టెల పెడుతుండిరి. బాలింతకు గుడ తెల్వది."

హెప్సిబాకు కోపమొచ్చింది, అంతలోనే జాలేసింది. రాధాబాయి చెయ్యి పట్టుకుని డాక్టర్ దగ్గరికి నడిపించింది.

అంతా విని రాజేశ్వర్ రాస్తున్న చీటీ చింపేశాడు. పిల్లను మళ్లీ పరీక్షించాడు. మొదటి దొడ్డి మూడో రోజు దాకా రాలేదంటే పేగు చివర నరాలు పుట్టుకతోనే లేవేమో, హైదరాబాద్‌లో చిన్న ముక్క తీసి చూడాలి, అదే అయితే ఆపరేషన్‌తో దారికొస్తుందన్నాడు. "ఈ మాట మొదలే తేల్చుకోవాల్సింది నేను" అని తల దించుకున్నాడు. రాధాబాయి వెక్కి వెక్కి ఏడ్చింది.

చెడ్డీ తొడిగించుకుంటూ రోజా అడిగింది.

"ఆయమ్మా, నేను మొండిదాన్ని కానా?"

"కాదు బిడ్డా. ఎన్నడు కావు."

"గా ముచ్చట మా నాయనమ్మకు గుడ చెప్పు."

రెండింటికి ఓపీ ముగిసింది. తాళాలు అప్పజెప్పి, హెప్సిబా పీట కోసం వంగింది. తడిగుడ్డతో తుడిచింది. కాసేపు ఒళ్లో పెట్టుకుని, మళ్లీ అక్కడే పెట్టేసింది. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని బస్టాండు వైపు నడిచింది.

కమోడ్ ముందు పీట ఉంది, రెండు బుజ్జి పాదాలంత మేర నున్నగా అరిగి.