పదిన్నరకు ఖాళీ

తిరుపతి పటంలో మా వీధి చివర పూల సంత జరిగే బయలు మీద ఎర్రరంగు చూడగానే నాకు ఒళ్లు మండింది.

పెద్ద నగరాలు తమ నేలను ఎంత బాగా వాడుకుంటున్నాయో కొలిచే సంస్థలో నా ఉద్యోగం. ఉపగ్రహం తీసిన ఫొటోల్లో ఏడాది పొడుగునా ఖాళీగా కనబడ్డ జాగాకు ఎర్రరంగు వేస్తాం. వృథా నేల అని దానర్థం. అలాంటి చోట పెద్ద భవనాలు కట్టుకోవచ్చని మా నివేదికే సలహా ఇస్తుంది.

"ఫొటోలన్నీ చూశాను కోమలీ. ఒక్కదాంట్లో గొడుగు నీడైనా లేదు. నీ ఊరి మీద అభిమానం పక్కన పెట్టు" అన్నారు మా పై అధికారి జయరామ్ గారు.

ఆయనకేం, హైదరాబాద్ నుంచి నిన్న దిగారు. నేను ఆ బయలులో కొన్న పూలు పెట్టుకునే బడికి పోయినదాన్ని. ఫొటోలు మళ్లీ తెరిచి, ఏ వేళకు తీశారో చూశాను. అన్నీ పొద్దున పదిన్నరకే! ఉపగ్రహం మా ఊరి మీదికి వచ్చేది ఎప్పుడూ ఆ వేళకేనట. గట్టిగా నవ్వేశాను.

తెల్లవారేసరికి నిండిపోయే పూల సంత పదికల్లా ముగుస్తుంది. గొడుగులు ముడిచి, చెత్త ఎత్తి, నేలంతా కడిగి మరీ పోతారు. పదకొండుకు అన్నం బండ్లు, సాయంత్రం కూరగాయలవాళ్లు వస్తారు. తర్వాతివాళ్లకు నేలను శుభ్రంగా అప్పగించాలన్నది సంత పెద్ద చెంగల్రాయుడు పెట్టిన కట్టుబాటు. ఆ తడి ఆరే కాసేపే మా ఉపగ్రహానికి చిక్కింది.

నేరుగా చెంగల్రాయుడి దగ్గరికే పోయాను.

"పెద్దనాయనా, గురువారం మళ్లా ఫొటో తీస్తారు. ఆ ఒక్కరోజు గొడుగులు ముడవబాకండి. లేకుంటే ఇది ఖాళీ నేలని ఈడ మేడలు కట్టమంటారు."

"పది దాటినాక ఆ పొద్దు మాది కాదు పాపా. మేము ఆలస్యం చేస్తే అన్నం బండ్లోళ్లు తడినేల మీద పొయ్యి యాడ పెట్టుకుంటారు?"

పక్కనే చామంతులు కుప్ప పోస్తున్న మునిలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. "ఈడ మేడలు కడితే మేము యాడికి పోయేది పాపా?"

అయినా ముసలాయన చెప్పిందే న్యాయం. దొంగ ఫొటోతో గెలవాల్సిన ఖర్మ నాకేం?

"ఫొటో వద్దులే పెద్దనాయనా. మా సార్‌నే పిలుచుకొస్తా" అన్నాను.

జయరామ్ గారికి ఫోన్ చేశాను. "రేపు పొద్దున ఆరున్నరకు రండి సార్. ఖాళీ స్థలమేగా, కారు అందులోనే పెట్టుకోవచ్చు."

వచ్చారు. కారుకు చోటు దొరక్క చుట్టుపక్కల వీధులన్నీ తిరిగి, ఎక్కడో ఆపి, చెమటలు కక్కుతూ నడిచొచ్చారు. గంపల మధ్య కాస్త సందు చూసుకుని నిలబడి, ఫొటో తీయడానికి సెల్‌ఫోన్ పైకెత్తారు.

వెనక నుంచి మునిలక్ష్మి, నెత్తి మీద గంపతో.

"సామీ, రవంత అట్ల జరగండి. మీరు నిలబడిన చోట రెండు గంపలు పడతాయి."

జయరామ్ గారు కుడివైపు చూశారు, ఎడమవైపు చూశారు. జరగడానికి జానెడు నేల లేదు. ఇక చేసేదేం లేక ఫోన్ జేబులో పెట్టి, ఆమె గంపను రెండు చేతులతో అందుకుని అక్కడే నిలబడ్డారు.

"ఆ ఎర్రరంగు తీసెయ్ కోమలీ."

"రంగులు తరవాత సూసుకుందురు గానీ సామీ, ముందు జరగండి" అంది మునిలక్ష్మి.