ఐదు నొక్కిన ఏసుమణి

నేను ఒక ట్యాబ్‌ను. ఏ ఊళ్ళో పుట్టానో నా వీపు మీద అచ్చేసి ఉంది గానీ, ఆ అక్షరాలు చూపుకి ఆనవు. బుద్ధి తెలిసింది మాత్రం మార్కాపురంలో, పిల్లల డాక్టరు అనసూయ గారి ఆసుపత్రిలోనే. పిల్లల్ని కొట్టకుండా మాట వినేలా చేసుకోవడం ఎలాగో చెప్పే ఎనిమిది వీడియో పాఠాలు నాలో పెట్టారు. వారానికో పాఠం; కొందరి పక్కన నర్సు కూర్చునేది, కొందరికి నన్ను చేతికిచ్చి వదిలేసేది. పాఠం చూశాక ఒక ప్రశ్న: "ఈ వారం బిడ్డ మీద ఎన్నిసార్లు చెయ్యి చేసుకున్నారు?" ఆ పాఠాలు పనిచేస్తున్నాయో లేదో తేల్చడానికి తబస్సుమ్ అనే పరిశోధకురాలు వచ్చి జవాబులు చూసుకునేది.

మొదటి వారం తల్లులందరూ సున్నా నొక్కారు. తండ్రులైతే ప్రశ్న పూర్తిగా చదవకుండానే నొక్కారు. అంతకు కాసేపటి ముందు వరండాలో వినబడ్డ చెంపదెబ్బలు ఎవరివో మరి!

పలకల ఫ్యాక్టరీలో పనిచేసే ఏసుమణి కూడా సున్నాయే నొక్కింది. ఆమె కూతురు హెప్సికి నాలుగేళ్ళు. కోపమొస్తే కొరుకుతుంది. నర్సు పక్కన కూర్చుని నాలుగో పాఠం చూపించిన నాడు ఏసుమణి వేలు నా మీద చాలాసేపు ఆగింది. చివరికి ఐదు నొక్కింది. ఆ వారం మరో పదకొండు మంది అంకెలూ పెరిగాయి.

తబస్సుమ్ ఆ అంకెలు డాక్టరు గారికి చూపించింది. "మేడమ్, పాఠాలు చూశాక దెబ్బలు పెరిగాయి. ఇలాగే రాస్తే డబ్బిచ్చే పైవాళ్ళు పాఠాలు ఆపేయమంటారు."

డాక్టరు గారు ఏసుమణినే పిలిచి అడిగారు.

"పెరగలా మేడమ్. మొదటి వారం ఇరవై అయినా ఉంటాయి. సిగ్గేసి సున్నా నొక్కా. ఇప్పుడు చెయ్యెత్తితే ఈ ప్రశ్నే గుర్తొస్తది, చెయ్యి ఆగుద్ది. ఐదుసార్లు మాత్రం ఆగలా."

తబస్సుమ్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "అక్కా, ఇంకోసారి చెప్పు."

ఆ నెలంతా ఒక్కొక్క తల్లి పక్కనా కూర్చుని మొదటి వారం సంగతి మళ్ళీ అడిగింది. ఇళ్ళకెళ్ళి చూసింది. నివేదికలో నిక్కచ్చిగా రాసింది: దెబ్బలు తగ్గాయి, కానీ ట్యాబ్ చేతికిచ్చి వదిలేసిన చోట కాదు, పక్కన మనిషి కూర్చున్న చోట. నా గొప్ప సగం పోయిందని చిన్నబుచ్చుకున్నాను గానీ, అందులో అబద్ధమేముంది? పాఠాలు ఆగలేదు.

ఇప్పుడు బ్యాటరీ ఉబ్బి అలమరలో పడున్నాను. బయట కొత్త ట్యాబ్ ఉంది. శనివారాలు పని దిగగానే ఏసుమణి వచ్చి తల్లుల పక్కన కూర్చుంటుంది. మొన్న ఒకామె ప్రశ్న దగ్గర తటపటాయిస్తుంటే, తలుపు సందులోంచి ఏసుమణి గొంతు వినబడింది:

"తిడతారని భయపడమాక చెల్లీ. ఎంతుంటే అంత నొక్కు. ఆడ్నుంచి తగ్గించుకుందాం."